తప్పుల నీలయ్య సారు

నీలయ్య సారుకు బతికున్నవాళ్ల పేర్లు గుర్తుండవు, చచ్చిపోయినవాళ్ల తప్పులు మాత్రం ఒక్కటీ మరిచిపోడు. ఏడాదిన్నరగా గద్వాలలో తనకు గది అద్దెకిచ్చి, రెండు పూటలా వండిపెడుతున్న విజయమ్మను ఒకరోజు సుబ్బమ్మ గారూ అనేవాడు, మర్నాడు లక్ష్మమ్మ గారూ అనేవాడు, రెండూ తోచకపోతే "గృహిణీ" అని కేకేసేవాడు. అదే, మూడు వందల ఏళ్ల కింద పోయిన నరహరి అనే ఆయన తాటాకుల మీద ఎక్కడెక్కడ పొరబడ్డాడో అడగండి. ఎన్నో ఆకు, ఎన్నో వరస, ఆ పూట వాన పడుతోందా ఎండ కాస్తోందా, అన్నీ నిలబడ్డచోటే అప్పజెప్పేవాడు. ఈ సారుకు నా పేరు యాదికుండాలంటే నేను సచ్చి మూడొందల ఏండ్లు గావాలె అని విజయమ్మ వీధిలో చెప్పి నవ్వించేది.

అసలు పేరు నీల్స్ ఓస్టర్‌గోర్. దేశం డెన్మార్క్, చదువు సంస్కృతం. ఆ పేరుకు నోరు తిరగక వీధివాళ్లు మొదటి నెలలోనే నీలయ్యను చేసేశారు. అరవై ఆరేళ్ల మనిషి, ఆరున్నర అడుగుల ఎత్తు. గద్వాలలో నేతగాళ్ల ఇళ్ల గుమ్మాలు ఆయన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు కాబట్టి, నుదురు తగలని రోజు లేదు. తగిలినప్పుడల్లా గుమ్మానికి నమస్కారం పెట్టి "క్షమించవలెను" అనేవాడు. ఆయన తెలుగు సగం పుస్తకాల్లోది, మిగతా సగం ఆటో జయపాల్ నేర్పింది.

పాత ఇళ్లలో అటకల మీద పడున్న తాటాకుల కట్టలు వెతకడం ఆయన పని. ఇతర పండితులు ఆ కట్టల్లో ఏం రాసుందో చదువుతారు, నకలు రాసిన లేఖకుడు ఎక్కడన్నా తప్పు రాస్తే దిద్దుకుని ముందుకు పోతారు. ఈయన తప్పు కనబడగానే అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ఎందుకయ్యా అంటే, సరిగ్గా రాసింది అందరిదీ, తప్పు మాత్రం ఆ మనిషి ఒక్కడిది అంటాడు. ఇక్కడ ఇతనికి నిద్ర వచ్చింది, ఇక్కడ ఎవరో పిలిచారు, ఇక్కడ కోపం వచ్చి గంటం ఆకును పొడిచేసింది అని, పక్కింటివాళ్ల సంగతులు చెప్పినట్టు చెప్పుకుంటూ పోతాడు. చెప్పేది మనకు కాదు. గదిలో ఖాళీగా ఉన్న మూల వైపు తిరిగి, ఆ పోయినాయనకే చెబుతాడు. చూసేవాళ్లకు వెన్నులో చలి పుట్టేది అందుకే.

పాన్‌గల్‌లో బాలకృష్ణ అనే రిటైరైన పంతులు ఇంటికి ఒక మిట్టమధ్యాహ్నం సారూ జయపాలూ పోయారు. కరెంటు లేదు. వీధిలో కుక్క కూడా లేదు. నీలయ్య సారు ఒక ఆకును తలుపు సందులోంచి వచ్చే వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని, చాలాసేపు ఊపిరి కూడా వదలకుండా చూశాడు. తర్వాత గోడ మూలకు తిరిగి, "ఎడమ కన్ను కనబడుట లేదు కదా మీకు, పాపం" అన్నాడు. ఆరేళ్లుగా గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ పలకని బాలకృష్ణ ముసలితల్లి మంచంమీద లేచి కూర్చుంది.

"మా మామకు తాత ఆయన. అమ్మోరు పోసి ఎడమకన్ను పోయింది. నీకెవరు జెప్పిన్రు?" అంది.

ఆకు ఎడమ చివర అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయని, ఆ వైపు చూపు ఆననివాడే అట్లా రాస్తాడని నీలయ్య సారు వివరంగా చెప్పబోయాడు. వినడానికి అక్కడెవరూ మిగల్లేదు. జయపాల్ అప్పటికే ఆటోలో కూర్చుని, అద్దానికి వేలాడే సిలువను గట్టిగా పట్టుకుని ఉన్నాడు. జయపాల్ తల్లిదండ్రులు కాలవల పనులకు ఊళ్లు పట్టుకు తిరిగిన కూలీలు. ఆయన ఆటో కొనుక్కుని గద్వాలలో నిలబడ్డాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు. దయ్యాలు లేవని గట్టిగా నమ్మిన మనిషి. నీలయ్య సారును ఎక్కించుకోవడం మొదలుపెట్టాక ఆ నమ్మకం జర సడలింది.

మల్దకల్‌లో సాయన్న హోటలుకు టీ తాగడానికి పోయినప్పుడు నీలయ్య సారు బెంచీ మీద కూర్చోబోతూ, "నరహరి గారూ, జర జరగండి" అని పక్కకు చెయ్యూపాడు. సాయన్న బెంచీ వైపు చూశాడు. ఎవరూ లేరు. నరహరెవరని జయపాల్ చెవిలో అడిగాడు. ఏం పరేషాన్ గాకన్నా, ఆయన పోయి మూడొందల ఏండ్లయింది అని జయపాల్ ధైర్యం చెప్పాడు. ఆ తర్వాత వారం రోజులు సాయన్న ఆ బెంచీ మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

దాంతో చచ్చినోళ్లతో మాట్లాడే తెల్లసారు అన్న పేరు అచ్చంపేట దాకా పాకిపోయింది. అక్కణ్ణుంచి ఒకావిడ రెండు బస్సులు మారి వచ్చింది. పోయిన అత్తగారు వెండి వడ్డాణం ఎక్కడ దాచిందో కనుక్కోవాలట. ఆమె ఏమైనా రాసి ఉంచారా అని నీలయ్య సారు అడిగాడు. సంతకం కూడా రాదంది ఆవిడ. అయ్యో, అయితే ఆమె జీవించినట్లు ఆధారమే లేదని ఆయన నిజంగానే బాధపడ్డాడు. నలభై ఏండ్లు నన్ను సతాయించింది, గంతకన్న ఆధారమేం గావాలె అని ఆవిడ తిట్టుకుంటూ పోయింది.

ఈ తప్పుల పిచ్చి వల్లే ఆయన బతుకు అట్లాగయింది. ఆ సంగతి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒకనాడు తనే విజయమ్మకు చెప్పాడు. తోటివాళ్లంతా పెద్ద ప్రొఫెసర్లయి శాలువాలు కప్పించుకున్నారు. ఈయన ముప్పై నాలుగేళ్లుగా విశ్వవిద్యాలయంలో మెట్ల కింద గదిలోనే ఉండిపోయాడు. లేఖకుల తప్పుల మీద ఒకే ఒక్క పుస్తకం రాస్తున్నాడు, అది పూర్తి కాదు. ప్రతి ఏడూ ఎవరో ఒక కొత్త లేఖకుడు దొరుకుతాడు, ఆయన్ని వదిలేస్తే చిన్నబుచ్చుకుంటాడని ఇంకో ఏడు గడువు అడుగుతాడు. విశ్వవిద్యాలయం వాళ్లు ఓపిక పట్టీ పట్టీ ఇప్పుడు ఉత్తరం రాశారు. మార్చి ముప్పై ఒకటిలోగా పుస్తకం పంపితే అచ్చు, లేకపోతే ఇక అడగొద్దు. చివరి ప్రకరణం ఒక్కటే మిగిలిందని నీలయ్య సారు సంబరంగా చెప్పాడు. ముప్పై నాలుగేండ్లకు ఒక్క పుస్తకమా అని విజయమ్మ నోరు నొక్కుకుంది. మా ఆయనైతే గన్ని రోజుల్ల వెయ్యి చీరలు నేసేటోడు అనబోయి, ఆగిపోయింది.

భర్త సీతారాములు మాట ఆమె ఎత్తదు. ఆయన పోయి రెండేళ్లు. నీలయ్య సారు గదికీ వంటింటికీ నడుమ ఒక గదికి తాళం వేసి ఉంటుంది. లోపల గుంట మగ్గం, మగ్గం మీద సగం నేసిన చీర. అందులోకి ఆమె అడుగు పెట్టలేదు, ఎవర్నీ పెట్టనివ్వలేదు. మగ్గం విప్పేసి గది ఖాళీ చేయమని ఒకరు, ఇంకో నేతగాణ్ణి కూర్చోబెట్టమని ఒకరు చెప్పి చెప్పి ఊరుకున్నారు. మనిషి కూర్చుని ప్రాణం వదిలిన మగ్గం మీద చెయ్యి వెయ్యడానికి నేతగాళ్లెవరూ ముందుకు రాలేదు కూడా.

మార్చి మొదటి వారంలో, మధ్యాహ్నం వేళ, విజయమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే నీలయ్య సారు కలం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నుదురు తగిలింది, క్షమాపణ అయింది.

"గృహిణీ, మీవారు ఈ వేళప్పుడు అంత నెమ్మదిగా ఎందుకు నేస్తున్నారు?" అని అడిగాడు. "రెండు దెబ్బలు వేసి ఆగుతున్నారు. మరల రెండు దెబ్బలు. నాకు ప్రతిదినము వినబడుచున్నది."

విజయమ్మ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. మూసిన గదిలోంచి టక్, టక్ అని ఆ చప్పుడు రెండేళ్లుగా ఆమెకు వినబడుతోంది. ఎండ నడినెత్తికొచ్చి, వీధి సద్దుమణిగి, వేడిగాలి లేచే వేళకు మొదలవుతుంది. ఇన్నాళ్లూ అది తన చెవుల్లోనే ఉందనుకుంది, తన పాపమే తనకు అట్లా వినబడుతోందనుకుంది. ఇంకో మనిషికి కూడా వినబడుతోందని ఇప్పుడు తెలిసింది. గోడకు చేరబడి కిందికి జారి కూర్చుంది, రెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పింది.

గద్వాల చీర ఒక్కరితో కాదు. నడుమ నూలు, అంచులు పట్టు. నేసేవాడు మధ్యలో కూర్చుంటాడు, ఎడమ అంచులో పట్టు పోగును దాటించే నాడె వెయ్యడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. సీతారాములు పక్కన ముప్పై రెండేళ్లు కూర్చున్నది విజయమ్మే. ఆయన నేతలో ఒక్క పోగు తప్పేది కాదు. చివర్లో కళ్లు మసకబారాయి. దవాఖానకు పోయి ఆపరేషన్ చేయించుకోమని ఆమె, నా కండ్లకేం రోగమని ఆయన. ఆయన పోయిన రోజు పొద్దున మాట పెరిగింది. నువ్వు దవాఖానకు పొయ్యేదాంక నీ పక్కన కూసోను అని ఆమె వంటింట్లోకి వచ్చేసింది. ఆయన ఒక్కడే మగ్గమెక్కాడు. మగ్గం ఆగుతూ నడుస్తూ, ఆగుతూ నడుస్తూ, మధ్యాహ్నానికి పూర్తిగా ఆగింది. తనను ఉడికించడానికే అట్లా చేస్తున్నాడని ఆమె గంటసేపు అటు తొంగిచూడలేదు. పోయేసరికి గుండె ఆగిపోయి ఉంది. చీర చూసిన నేతగాళ్లు, ఆఖరి జానెడు నేత సీతారాములు చెయ్యి కాదు, అంతా తప్పులే అన్నారు. కోపంతో వణికే చేతితో నేసి, ఆ కోపంతోనే పోయాడని విజయమ్మకు రూఢి అయిపోయింది.

"సచ్చిపోయినోళ్ల తప్పులు సదువుతరు గద సారూ," అంది. "ఈయన తప్పు సదువున్రి. నా మీద కోపంతోనే పోయిండా? ఉన్నదున్నట్టు చెప్పున్రి. తెల్వకుంట ఇంగ బతకలేను."

నీలయ్య సారు కలం జేబులో పెట్టుకున్నాడు. తాళం తీయమన్నాడు.

జయపాల్ కూడా వచ్చాడు, గుమ్మం బయటే నిలబడ్డాడు. తలుపు తెరవగానే లోపలినుంచి పాత గంజి వాసన, దుమ్ము. చీకట్లో మగ్గం, దాని మీద నీలం చీర నిన్ననే వదిలినట్టు బిగువుగా ఉంది. గుంట అంచున సీతారాములు కూర్చునే చోట గోనెపట్టా ఇంకా పల్లంగా నొక్కుకుని ఉంది. వాళ్లు చూస్తుండగానే టక్, టక్ అని వినబడింది. జయపాల్ యేసయ్యను తలుచుకున్నాడు. పైన గవాక్షంలోంచి వేడిగాలి దూరి, నాడె తాడుకున్న కట్టెపిడిని ఊపి దూలానికి కొడుతోంది. గాలమ్మా, గాలి అని జయపాల్ నవ్వాడు గానీ లోపలికి మాత్రం రాలేదు. నీలయ్య సారుకు అదేమీ పట్టలేదు. గోనెపట్టా వైపు తిరిగి చేతులు జోడించి, తమరి చీర చూడవచ్చునా అని అడిగి, భూతద్దం తీసి చీర మీదికి వంగాడు.

గంట గడిచింది. ఆయన తల ఎత్తి, "నాకు ఈ లిపి రాదు" అన్నాడు.

విజయమ్మ మొహం పాలిపోయింది. ఆయన కొన్ని దినములు ఆగమని చెప్పి, తప్పుల పుస్తకం కాగితాలు బల్లమీద ఎట్లా ఉన్నవి అట్లా వదిలేసి, మర్నాడు పొద్దున్నే జయపాల్ ఆటోలో ఎటో పోయాడు. ఆ మర్నాడూ అంతే. పొద్దున పోవడం, సాయంత్రం ఒళ్లంతా నూలుపొట్టుతో రావడం, అన్నం తిని మాట్లాడకుండా పడుకోవడం. బల్లమీద వదిలేసిపోయిన ఫోను విశ్వవిద్యాలయం వాళ్ల పిలుపులతో రోజంతా మోగేది. నెల ఆఖరుకు అది కూడా మోగడం మానేసింది. చదవలేక మొహం తప్పిస్తున్నాడని విజయమ్మ అనుకుంది. అడిగి తప్పు చేశానని కూడా అనుకుంది.

ఏప్రిల్ రెండో తారీఖున ఆయన ఆమెను మగ్గం దగ్గరికి పిలిచాడు. చీర ఆఖరి జానెడు మీద వేలు పెట్టి చూపించాడు.

"కోపముగా నేసినవాని నేత గట్టిగా ఉండును, ఆగకుండా ఉండును. కోపము వచ్చినవాడు ఆగడు. ఇక్కడ చూడండి. మగ్గము ఆగి మరల మొదలైనచోట పేక, అనగా అడ్డపోగు, కొంచెము దూరముగా పడును, సన్నని గీత. ఈ జానెడులో పదిహేడు గీతలున్నవి. పదిహేడు సార్లు ఆగాడు. ఎప్పుడు ఆగాడు? ప్రతిసారి ఎడమ నాడె వేయవలసిన చోట మాత్రమే ఆగాడు. అది ఎవరి నాడె?"

"నాది," అంది విజయమ్మ.

"మీరు వచ్చి వేస్తారని ఆగాడు. మీరు రాలేదు. తానే చెయ్యి చాపి వేశాడు, చెయ్యి అందక వంకరగా వేశాడు. తప్పులన్నీ అవే. కుడి అంచులో ఒక్క తప్పు లేదు. మరల మీ వంతు వచ్చినప్పుడు మరల ఆగాడు. వస్తారను నమ్మకము లేనివాడు మూడోసారికే ఆగుట మానేస్తాడు. ఈయన పదిహేడు సార్లు చోటు ఉంచి కూర్చున్నాడు. ఈయనకు కోపము లేదు."

విజయమ్మ ఆ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. పదిహేడూ ఉన్నాయి. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి, ఆ నీళ్లలోనే నవ్వు కూడా వచ్చింది.

"మొండోడు," అంది. "పదిహేడుసార్లు ఆగేబదులు ఒక్కసారి విజయా అని పిలుస్తె అయిపోతుండె గద."

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. అంతలోనే ఆమెకు అనుమానం వచ్చింది. నా మనసు నిమ్మళానికి అల్లి చెబుతున్నారా అని అడిగేసింది. నీలయ్య సారుకు ఎప్పుడూ రాని కోపం వచ్చింది. పోయినవారి గురించి ముప్పై నాలుగేళ్లలో ఒక్క అబద్ధము చెప్పలేదని, చెప్పబోనని, విసురుగా బయటికి పోయాడు. ఆ కోపంలో గుమ్మం కూడా గట్టిగానే తగిలింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ జయపాల్ అప్పుడు ఉన్నదంతా బయటపెట్టాడు. సారుకు మగ్గం గురించి ఓనమాలు కూడా తెలియవు. ఈ నెలంతా ఊళ్లో నేతగాళ్ల ఇళ్లల్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్కడివే నేసి చూపమని, ఎడమ నాడె కూడా నువ్వే వెయ్యమని, ఇక్కడ ఆగమని, ఇప్పుడు మొదలుపెట్టమని వాళ్ల ప్రాణాలు తోడాడు. కోపంతో నేస్తే ఎట్లుంటుందో చూడాలని, పాపం, కురుమయ్య అనే నేతగాడికి ఒక రోజంతా కోపం తెప్పించాడు. ఆయన నేత బాగాలేదన్నాడు, అంచు వంకరన్నాడు, మీ తండ్రి చేతిపని ఇంతకన్న నయమట కదా అన్నాడు. కురుమయ్య పళ్లు నూరుతూ మూరెడు నేశాడు. రాయి లెక్క గట్టిగొచ్చింది. దాన్ని భూతద్దంతో చూసి సారు ఎగిరి గంతేసి, కురుమయ్య కాళ్లకు దండం పెట్టి, నేనన్నవన్నీ అబద్ధాలు అని చెప్పొచ్చాడు. ఎదురుచూస్తూ నేస్తే ఎట్లుంటదో చూసేందుకు ఇంకొకాయనకు టీ తెస్తానని చెప్పి రెండు గంటలు తేలేదు.

"పెద్దమ్మా, నువ్వు ఒగ మాటడిగినవని ఆ పుస్తకం పోగొట్టుకున్నడు," అన్నాడు జయపాల్. "మొన్ననే తారీఖు దాటిపోయింది. ఆ బల్లమీద ఫోన్ ఎత్తమని నేనే మొత్తుకున్న. ఏమన్నడో తెల్సా? నా లేఖకులు మూడొందల ఏండ్లు ఆగిన్రు, ఇంగ కొన్నేండ్లు ఆగుతరు, వాళ్లకు తొందర లేదు. ఆమె రెండేండ్ల నుంచి కడుపునిండ అన్నం తింటలేదు అన్నడు. ఎట్ల తెల్సంటే, ఆమె కలుపుకునేటప్పుడు ముద్దలు లెక్కవెట్టిన అన్నడు."

విజయమ్మ లేచింది. వంటింట్లోకి పోయి, వేడివేడిగా అన్నం వండి, ఇద్దరికీ వడ్డించి, వాళ్ల ఎదురుగా తనూ కంచం పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు గది కడిగింది. సీతారాములు కూర్చున్న చోట తను కూర్చుంది. ముప్పై రెండేళ్లు పక్కనుంచి చూసిన పని చేతుల్లోకి దానంతటదే వచ్చింది. ఎడమ పక్కన కూర్చోవడానికి మనిషి కావాలి. వీధిలో ఎవరూ రామన్నారు, అందరికీ ఆ మగ్గమంటే భయం. భయం లేని మనిషి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆరున్నర అడుగుల నీలయ్య సారు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ముడుచుకుని ముడుచుకుని, ఎడమ నాడె ముందు కూర్చున్నాడు. కూర్చునేముందు గోనెపట్టా వైపు తిరిగి అనుమతి అడిగాడు. ఎవరు ఏమన్నారో గానీ తృప్తిగా తల ఊపాడు. గవాక్షం తెరిచే ఉంది, ఏప్రిల్ గాలి మధ్యాహ్నాలు మునుపటికన్నా జోరుగానే వీచింది. కట్టెపిడి మాత్రం మళ్లీ దూలానికి తగల్లేదు. ఎందుకు తగల్లేదని జయపాల్ ఒకటి రెండుసార్లు ఆలోచించి, ఆలోచించకపోవడమే మంచిదని మానుకున్నాడు.

చీర పూర్తయ్యేసరికి నెల పట్టింది. మగ్గం మీంచి కోసిన రోజున కురుమయ్య చూడటానికి వచ్చాడు. ఆనాటి కోపం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి, చీరను వెలుతురుకు పట్టుకుని బాగా వెతికాడు. సీతారాములు గీతలు దాటాక జానెడు దూరంలో, ఎడమ అంచులో పట్టు నూలుతో కలవాల్సినచోట ఒక నాడె తప్పింది. గోరంత కిటికీలాంటి సందు. నీలయ్య సారు మొహం కందిపోయింది. విప్పి మళ్లీ కలపొచ్చు వదినా, అరపూట పని అన్నాడు కురుమయ్య.

విజయమ్మ చీర లాక్కుని మడత పెట్టింది.

"ఉండనీ. ఎప్పుడన్న ఎవరన్న సదువుకుంటరు," అంది. "డెన్మార్క్‌ల పుస్తకం అచ్చు పోగొట్టుకున్న ఒక పెద్దమనిషి, ఈడ మోకాళ్లు నొస్తున్నా లేవకుంట కూసున్నడని తెలుస్తది."